లీటరుకు పంతొమ్మిది పాయింట్ ఎనిమిది

గురువారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా కారు మీద కేసు పడింది.

అది ఎవర్నీ గుద్దలేదు. ఎర్ర లైటు దాటలేదు. ఇంటి ముందు నీడలో నిలబడి ఉంది, అంతే. గేటు తీసుకుని ఒక సన్నపాటి మనిషి లోపలికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫైలు, చేతిలో స్టాప్‌వాచ్.

"పొన్నాడ సుధాకర్ గారు మీరేనాండి?"

"నేనే."

"ఈ బండి లీటరుకి ఎంత ఇస్తోందండి?"

ఆ ప్రశ్న నన్ను రోజుకు నలుగురు అడుగుతారు. అందరికీ పద్దెనిమిది అని చెబుతాను. ఏడు సీట్ల బండి కొన్న ప్రతివాడూ అదే చెబుతాడు. కానీ పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, గుర్తింపు కార్డు ఉన్న మనిషితో అబద్ధం ఎందుకని నిజం చెప్పాను.

"పదకొండు."

అతను ఫైలు తెరిచి రాసుకున్నాడు. "నేరం ఒప్పుకున్నారు" అన్నాడు సానుభూతిగా. "సంతకం ఇక్కడ పెట్టండి."

అతని పేరు భానుమూర్తి. ఇంధన మితవ్యయ ప్రాధికార సంస్థలో ఇన్‌స్పెక్టరు. కొత్తగా వచ్చిన నిబంధన ప్రకారం, కంపెనీ పుస్తకంలో ఎంత మైలేజీ అని అచ్చు వేశారో ప్రతి కుటుంబమూ తన బండి నుంచి అంతా రాబట్టి తీరాలి. మా బండి పుస్తకంలో ఉన్నది పంతొమ్మిది పాయింట్ ఎనిమిది.

"రాబట్టకపోతే?" అన్నాను.

"పునఃశిక్షణ శిబిరమండి. సామర్లకోటలో. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలు. మూడు రోజులు. బండి ఎక్కేవాళ్ళంతా రావాలి."

లోపల్నుంచి చప్పుడు వినిపించింది. మా అమ్మాయి హిమజ చేతిలో రింగు జారి కింద పడింది.

హిమజకు పద్నాలుగేళ్ళు. టెన్నికాయిట్ ఆడుతుంది. ఆదివారం తొమ్మిదింటికి కాకినాడలో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్లు. వాటి కోసం రెండేళ్ళుగా ఆ రింగును గోడకేసి విసిరి పట్టుకుంటోంది. గోడకు సున్నం మిగల్లేదు.

"నాన్నా," అంది గుమ్మంలో నిలబడి, "నేను శిబిరానికి రాను."

*

శుక్రవారం సంస్థ కార్యాలయానికి వెళ్ళాను. డైరెక్టర్ జనరల్ ఖండవల్లి నీలకంఠం గారి గదిలో గోడంతా ఒకటే ఫొటో. కొండల మధ్య ఖాళీ రోడ్డు, దాని మీద ఎర్ర బండి, అందులో ఒక కుటుంబం. నలుగురూ సన్నగా ఉన్నారు. నలుగురూ నవ్వుతున్నారు. సామాను లేదు.

"సుధాకర్ గారూ, ఈ సమస్యను శాస్త్రీయ దృక్పథంతో పరిశీలిద్దాం" అన్నారాయన. "కంపెనీ అబద్ధం చెప్పదు. ప్రయోగశాల ధ్రువపత్రం మా ఫైల్లో ఉంది. బండి అబద్ధం చెప్పదు. అది యంత్రం. ఇక మిగిలింది ఏమిటి?"

"రోడ్డాండి?"

"రోడ్డు ప్రభుత్వానిది."

ఆయన కుర్చీ ఫొటో వైపు తిప్పుకున్నారు.

"మిగిలింది కుటుంబం" అన్నారు నీలకంఠం గారు. "ఫొటో చూడండి. వాళ్ళు నవ్వుతున్నారు. మీరు బండి నడిపేటప్పుడు నవ్వుతారా?"

"దేవీచౌకు దగ్గర ట్రాఫిక్‌లో నవ్వొస్తుందాండి?"

"అదీ సంగతి! ముఖం బిగిస్తే పాదం బిగుస్తుంది. పాదం బిగిస్తే డీజిలు పోతుంది. నిబంధనకు నేను సైతం అతీతుణ్ణి కాను. ఈ రాష్ట్రంలో మొట్టమొదటి ధ్రువపత్రం నా సొంత బండిదే. ఇరవై ఒకటి పాయింట్ రెండు. ప్రతి నెలా నా బండిని నేనే తనిఖీ చేయించుకుంటాను."

హిమజ సెలెక్షన్ల సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అమ్మాయి బండిలో కూర్చుంటుందా?"

"కూర్చుంటుందండి."

"అయితే నిందితురాలే."

చివరికి ఒక అవకాశం ఇచ్చారు. శనివారం పరీక్షా ప్రయాణం. కుటుంబమంతా మామూలుగా వెళ్ళే బంధువుల ఇంటికి వెళ్ళి తిరిగి రావాలి. ఇన్‌స్పెక్టరు బండిలోనే ఉంటాడు. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది వస్తే కేసు లేదు. రాకపోతే శిబిరం. దారి ముందే నమోదు చెయ్యాలి, ప్రయాణం మొదలయ్యాక ఆ దారి ఒక్క మీటరు తప్పినా శిబిరమే. పరీక్ష ముగిసేదాకా పేరున్న ప్రయాణికులెవరూ బండిని వదిలి వెళ్ళకూడదు.

నేను ఫారం నింపాను. రాజమండ్రి నుంచి మండపేట, మండపేట నుంచి రాజమండ్రి. ప్రయాణికులు: నేను, నా భార్య శ్యామల, హిమజ, మా అత్తగారు మాణిక్యాంబ. మండపేటలో ఉండేది అత్తగారి అక్కయ్య వెంకటరత్నమ్మ గారు.

తిరుగు ప్రయాణంలో అక్కాచెల్లెళ్ళు విడిపోవలసి ఉంటుందన్న విషయం ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ పొరపాటు నాదే.

*

శనివారం తెల్లవారేసరికి మేము యుద్ధానికి సిద్ధమయ్యాం. టైర్లలో గాలి సరిచూశాను. పైన క్యారియరు విప్పేశాను. డిక్కీలోంచి రెండు గొడుగులు, ఒక మడత మంచం, గ్యాసు పొయ్యి, పుష్కరాలప్పటి గోదావరి నీళ్ళ డబ్బా, మా అత్తగారు 'దార్లో పనికొస్తుంది' అని పెట్టిన ఇత్తడి గంగాళం దింపాను. బండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది.

భానుమూర్తి వచ్చి డ్యాష్‌బోర్డు మీద మైలేజీ మీటరు బిగించాడు. తర్వాత సంచిలోంచి చిన్న పెట్టె తీశాడు. అందులో దూది, దూదిలో కోడిగుడ్డు.

"ఇది సంస్థవారి ప్రామాణిక గుడ్డండి. యాక్సిలరేటరు కింద పెడతాం. అది పగలకుండా తొక్కాలండి."

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. "మా కార్లో గుడ్డా!" అంటూ అత్తగారు దిగిపోయారు. "నేను రాను. ఒట్టు. మీరు వెళ్ళండి నాయనా."

భానుమూర్తి కంగారు పడ్డాడు. ఫారంలో అత్తగారి పేరు ఉంది, పేరుతోబాటు ఎనభై రెండు కిలోల బరువూ ఉంది. ఆవిడ లేకపోతే పరీక్ష చెల్లదు. అతను ఫోను తీసుకుని అరగంట సేపు పైవాళ్ళతో మాట్లాడాడు. చివరికి శాకాహార కుటుంబాలకు ప్రత్యామ్నాయంగా, గుడ్డు కంటే సున్నితమైన మరే పదార్థమైనా వాడవచ్చని అనుమతి వచ్చింది.

"గుడ్డు కంటే సున్నితమైనదంటే ఏముందండీ?" అన్నాడు భానుమూర్తి దిగులుగా.

"పూతరేకు" అంది శ్యామల.

ఆ విధంగా నేను యాక్సిలరేటరు కింద ఆత్రేయపురం పూతరేకు పెట్టుకుని రాజమండ్రిలో బయల్దేరాను. మోరంపూడి దాటేలోపు ఐదు పొడి చేశాను. ఆరోదానికి పాదం నేర్చుకుంది. గంటకు యాభై. ముందు వెళ్ళే లారీ బ్రేకు వేస్తుందని అర కిలోమీటరు ముందే పసిగట్టి కాలు తీసేశాను. కడియం నర్సరీల దగ్గర ఒక సైకిలు మమ్మల్ని దాటింది.

"నవ్వండి సార్, నవ్వండి" అంటున్నాడు భానుమూర్తి. నలుగురం పళ్ళు బయటపెట్టి కూర్చున్నాం. ద్వారపూడి రైల్వే గేటు దగ్గర పక్క బండివాడు మమ్మల్ని చూసి అద్దం ఎత్తేసుకున్నాడు.

మండపేటలో వెంకటరత్నమ్మ గారి గేటు ముందు ఆగేసరికి మీటరు చూశాను. ఇరవై పాయింట్ నాలుగు.

హిమజ నా మెడ కౌగిలించుకుంది. భానుమూర్తి కూడా సంతోషించాడు. "వెనక్కి కూడా ఇలాగే వెళ్ళిపోతే చాలండి. ఇంకేముంది, అయిపోయినట్టే" అన్నాడు.

పెళ్ళికానివాడు. తెలియదు.

*

భోజనాలయ్యాక మూడు గంటలకు బండెక్కాం. ఇంజను స్టార్టు చేశాను.

బండి స్టార్టు చెయ్యడమంటే మా ఇళ్ళలో వెళ్తున్నామని కాదు. వీడ్కోలు మొదలైందని. అత్తగారు అద్దం దించారు. పెద్దత్తగారు కిటికీ పట్టుకున్నారు.

"వెళ్ళొస్తానక్కయ్యా."

"వెళ్ళిరా చెల్లీ. అన్నట్టు, బొట్టు పెట్టలేదు కదే నీకు! ఉండు."

బొట్టు వచ్చింది. జాకెట్టు గుడ్డ వచ్చింది. అరటిపళ్ళు వచ్చాయి. మాగాయ సీసా వచ్చింది, మూత సరిగ్గా లేదని వెనక్కి వెళ్ళింది, గుడ్డ కట్టించుకుని మళ్ళీ వచ్చింది. మీటరు ఇరవై నుంచి పద్దెనిమిదికి దిగింది.

"ఇంజను ఆపెయ్యండి సార్!" అన్నాడు భానుమూర్తి. "నిలబడ్డ బండి డీజిలు తాగుతోందండి."

"ఆపకూడదు" అన్నాను.

"ఎందుకండీ?"

"ఆపితే మనం ఆగిపోయామని అర్థం."

అతను నా మాట వినలేదు. వంగి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది. వీధి నిశ్శబ్దమైంది.

పెద్దత్తగారి ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య, ఆపేశారా! అదీ మాట. కాఫీ తాగి వెళ్దురుగాని, దిగండి దిగండి."

దిగాం. కాఫీ తాగాం. మళ్ళీ ఎక్కాం. స్టార్టు చేశాను. వీడ్కోలు మొదటి నుంచి మొదలైంది, ఎందుకంటే పాతది రద్దయిపోయింది. ఈసారి పెద్దత్తగారి దృష్టి ముందు సీటు మీద పడింది.

"నీ ఇంటిపేరేమిటి బాబూ?"

"చిర్రావూరండి."

"చిర్రావూరి వారా! ఏ ఊరు మీది?"

"కపిలేశ్వరపురమండి."

"కామేశం గారి మనవడివా నువ్వు? ఓరి నా తండ్రీ! మీ నాయనమ్మా మా అత్తగారూ అక్కాచెల్లెళ్ళ పిల్లలురా! నువ్వు నాకు కొడుకు వరస! దిగు, దిగు. ఇంత దూరం వచ్చి పెద్దమ్మ ఇంట్లో చెయ్యి కడగకుండా పోతావా?"

భానుమూర్తి నా వైపు చూశాడు. తప్పించుకునే దారి లేదని నేను కళ్ళతోనే చెప్పాను. అతనే తాళం తిప్పాడు.

ఐదు గంటలకు అతను మూడో గారె తింటూ మీటరు చూశాడు. తొమ్మిది పాయింట్ ఆరు. గారె గొంతులో అడ్డుపడింది.

"బావగారూ," అన్నాడు. శ్యామలకు తమ్ముడు వరస కాబట్టి నేను అప్పటికే బావగారినయ్యాను. "ఫెయిలండి. నేను కుటుంబ సభ్యుణ్ణి కూడా అయిపోయాను కాబట్టి నేనూ శిబిరానికి రావాలేమోనండి. ఒక్కసారి డైరెక్టరు గారికి ఫోను చేస్తాను."

హిమజ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి రింగు గోడకు తగిలే చప్పుడు వినిపించింది. వెనకటికంటే గట్టిగా.

*

నీలకంఠం గారు మర్నాటి శిబిరం ప్రారంభోత్సవానికి సామర్లకోట వెళ్తూ, ఇరవై నిమిషాల్లో వచ్చేశారు. బండి దిగుతూ డ్రైవరుతో, "ఐదే నిమిషాలు, ఏసీ ఆపకు" అన్నారు.

ఆ ఐదు నిమిషాలు పెద్దత్తగారి సావిట్లో గంటన్నర పట్టాయి. ఆయన నిబంధన చదివేలోపు మజ్జిగ వచ్చింది. నిబంధన వివరించేలోపు గారెలు వచ్చాయి. ఆయన లేచారు. బండి దగ్గరకు వెళ్ళారు. పెద్దత్తగారు వెనకే వెళ్ళి కిటికీ పట్టుకున్నారు.

"అన్నట్టు బాబూ, మీ ఆవిడకి ఎన్నో నెల? సున్నుండలు బలం."

"నాకు మనవలున్నారమ్మా."

"అయితే మనవలకి కాసిని సున్నుండలు కట్టిస్తాను, ఉండు."

డ్రైవరు మెల్లిగా, "సార్, మన బండి పదమూడుకి వచ్చేసిందండి" అన్నాడు.

నీలకంఠం గారి ముఖంలో రంగు పోయింది. ఆయన బండి పుస్తకంలో ఉన్నది ఇరవై. నెలాఖరు తనిఖీ రేపే. మొట్టమొదటి ధ్రువపత్రం గలవాడు తన శిబిరంలో తనే బెంచీ మీద కూర్చోవాలి.

గొప్ప అధికారులు ఇలాంటి క్షణాల్లోనే బయటపడతారు. ఆయన అక్కడికక్కడే, సున్నుండల డబ్బా బానెట్ మీద పెట్టి, తెల్లకాగితం మీద ఆదేశం రాశారు.

"ఇందుమూలముగా స్పష్టీకరించడమేమనగా, వీడ్కోలు అనునది ప్రయాణములో భాగము కాదు. వీడ్కోలు సంభాషణ ముగిసి, ఐదు సెకన్ల మౌనము ఏర్పడిన తదుపరి మాత్రమే ప్రయాణము ప్రారంభమైనట్లు పరిగణించవలెను. అంతకు పూర్వము ఖర్చయిన ఇంధనము లెక్కలోనికి రాదు. ఈ ఉత్తర్వు నేటి మధ్యాహ్నము నుండి అమలులో నున్నది."

సంతకం పెట్టి, నకలు భానుమూర్తికి ఇచ్చి, వెళ్ళిపోయారు. ఆయన బండి వీధి మలుపు తిరిగేదాకా పెద్దత్తగారు మాట్లాడుతూనే ఉన్నారు.

"అంటే మేము ఫెయిలవలేదా?" అంది శ్యామల.

భానుమూర్తి కాగితం మూడుసార్లు చదివాడు. "తిరుగు ప్రయాణం ఇంకా మొదలవనే లేదండి. మొదలవకపోతే ముగియదు. ముగియకపోతే ఫెయిలు లేదు, శిబిరం లేదు."

"కానీ మొదలయ్యాక రాజమండ్రి దారే పట్టాలి" అన్నాను. "కాకినాడ లేదు."

అప్పటికి దీపాలు పెట్టే వేళయింది. ఆ వేళలో ఎలా కదులుతారని పెద్దత్తగారు పడకలు వేయిస్తున్నారు. హిమజ పెరటి గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"మావయ్యా," అంది భానుమూర్తితో. వరసలు పిల్లలే ముందు పట్టుకుంటారు. "ప్రయాణం మొదలవకుండా బండి కదలొచ్చా?"

అతను కాగితం నాలుగోసారి చదివాడు. చదువుతున్నకొద్దీ అతని వీపు నిటారైంది.

"ప్రయాణం మొదలవని బండికి దారి అంటూ ఉండదండి" అన్నాడు నెమ్మదిగా. "దారే లేని బండి దారి తప్పదండి. అమ్మమ్మగారు వీడ్కోలు చెబుతున్నంతసేపూ మనం ఎక్కడికైనా వెళ్ళొచ్చు. కానీ ఐదు సెకన్లు మాట ఆగిందా, నేను స్టాప్‌వాచ్ మీట నొక్కాలి, ప్రయాణం మొదలైనట్టే. అప్పుడు బండి రాజమండ్రి దారిలో లేకపోతే..."

అందరం అత్తగారి వైపు చూశాం.

"ఏమిటర్రా అలా చూస్తారు?" అన్నారావిడ. "రేపు పొద్దున్న కాకినాడ దాకా మాట్లాడాలి, అంతేగా? అక్కయ్యా, నువ్వూ ఎక్కు. ఎవరికని చెప్పను వీడ్కోలు?"

*

ఆదివారం ఏడున్నరకు బయల్దేరాం. బయల్దేరలేదు. రెండూ నిజమే.

మధ్య సీట్లో అక్కాచెల్లెళ్ళు చేతులు పట్టుకుని కూర్చున్నారు. వెనక సీట్లో హిమజ, శ్యామల. నా పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని భానుమూర్తి.

"ఉంటానక్కయ్యా. మోకాలికి నూనె రాసుకో."

"రాసుకుంటాలే. నువ్వు ఆ బీపీ మాత్ర మానకు."

రామచంద్రపురం వచ్చేసరికి బతికున్న బంధువులు అయిపోయారు. పోయినవాళ్ళ దగ్గరకు వచ్చారు. అక్కడే ప్రమాదం జరిగింది.

"అమ్మ ముక్కుపుడక నువ్వే కదుటే తీసుకున్నావు?" అన్నారు పెద్దత్తగారు.

"నేనా? నువ్వే పెళ్ళికి పెట్టుకుని మళ్ళీ ఇవ్వలేదు!"

"నేను దొంగనా? అయితే నీతో నాకు మాటల్లేవు!"

"నాకూ లేవు!"

ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగారు. భానుమూర్తి బొటనవేలు మీట మీదకు వెళ్ళింది. "ఒకటి" అన్నాడు. బండి కాకినాడ దారిలో ఉంది. "రెండు... మూడు..."

"అమ్మా!" శ్యామల వెనక నుంచి అరిచింది. "పాలకొల్లు పిన్ని కోడలు మీ ఇద్దరి గురించి ఏమందో తెలుసా?"

రెండు తలలూ ఒకేసారి తిరిగాయి. "ఏమంది?"

ఆ కోడలు ఏమీ అనలేదు. ఎవరినీ ఏమీ అనని మంచి పిల్ల. ఆ పిల్ల మీద అక్కాచెల్లెళ్ళు కాకినాడ మైదానం గేటు దాకా ఏకబిగిన మాట్లాడారు. తొమ్మిదికి మూడు నిమిషాలుండగా హిమజ బండి దిగి పరుగెత్తింది. మైదానమూ బండీ ఒకే ఆవరణలో ఉన్నాయి కాబట్టి బండిని వదిలినట్టు కాదని భానుమూర్తి తనకు తానే చెప్పుకున్నాడు.

పదిన్నర దాటేసరికి జట్టులో మిగిలింది ఒకే చోటు. దానికి ఇద్దరు. హిమజా, అమలాపురం నుంచి వచ్చిన పొడుగు పిల్లా. మేము కోర్టు పక్కన నిలబడ్డాం. అత్తగారి గొంతు బొంగురు పోయింది. అయినా, "అదేనక్కయ్యా, నేను చెప్పొచ్చేదేమిటంటే" అంటూనే ఉన్నారు. పెద్దత్తగారు ఊ కొడుతూనే ఉన్నారు.

పంతొమ్మిది, పంతొమ్మిది. ఇరవై, పంతొమ్మిది. ఇరవై, ఇరవై. ఇరవయ్యొకటి కొట్టినవాళ్ళదే జట్టు.

పొడుగు పిల్ల రింగు విసిరింది. అది వల అంచు మీద తగిలి, ఒరిగి, హిమజకు అందనంత ముందు పడబోయింది. హిమజ ముందుకు దూకింది. నేల మీద మోచెయ్యి రాసుకుపోయింది. రెండు వేళ్ళకు చిక్కింది రింగు. లేవకుండానే, మోకాలి మీద నుంచే, తిరిగి విసిరింది. అది గాలిలోకి లేచింది.

అత్తగారి మాట ఆగిపోయింది.

పెద్దత్తగారు ఊ కొట్టడం మానేశారు. నేను లోపలే లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. రింగు వల మీద నుంచి వెళ్ళింది. నాలుగు. పొడుగు పిల్ల వెనక్కి పరుగెత్తింది. ఐదు. చెయ్యి చాచింది. రింగు ఆమె వేళ్ళ చివర తగిలి గీత లోపల పడింది. అంపైరు విజిల్ వేసి హిమజ వైపు చెయ్యి చూపించాడు.

తర్వాత ఒక్కసారిగా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏడుస్తూ, నవ్వుతూ, ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడటం మొదలుపెట్టారు. శ్యామల కోర్టులోకి పరుగెత్తింది. నేను మెల్లిగా భానుమూర్తి వైపు తిరిగాను.

"ఎంతసేపు ఆగింది?"

"ఏదండీ బావగారూ?"

"మాట."

అతను చేతిలోని స్టాప్‌వాచ్ వైపు, అదేమిటో గుర్తు రానట్టు, చూశాడు. బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. ముళ్ళు సున్నా దగ్గరే ఉన్నాయి.

భానుమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. ఫైలు మోకాలి మీద పెట్టుకుని, నాకు కనిపించేలా, ఒక్కొక్క అక్షరమే రాశాడు.

'ఉదయం 10.42. వాహనము మండపేటలో గేటు ముందు నిలిచియున్నది. వీడ్కోలు కొనసాగుచున్నది.'

కింద సంతకం పెట్టి, ఫైలు మూసి నా చేతిలో పెట్టి, "ఆ రింగు అలా ఎలా పట్టిందండీ బాబూ!" అని అరుస్తూ మేనకోడలి వైపు పరుగెత్తాడు.